డార్క్ టవర్ నాలుగో పుస్తకంలో ఇరుక్కుపోయా, వదిలేసి ఐదోదానికి వెళ్లొచ్చా?

నిద్రపట్టనోడు:

స్టీఫెన్ కింగ్ డార్క్ టవర్ సిరీస్, అదే రోలండ్ అనే తుపాకీవీరుడు ఆ టవర్‌ని వెతుక్కుంటూ పోయే కథ, వరుసగా చదువుకుంటూ వస్తున్నా. మొదటిది ది గన్‌స్లింగర్ కొంచెం పొడిపొడిగా అనిపించినా ఆ ఎడారీ, ఆ నల్లబట్టల మనిషి వెంట పడటం పట్టేసింది. రెండోది ఒక్క ఊపున అయిపోయింది. మూడోది ది వేస్ట్ ల్యాండ్స్ చివర్లో అయితే కూర్చున్న చోటు నుంచి లేస్తే ఒట్టు. మతి చెడిన రైలు, దానికి నోరు, బ్లెయిన్ అని పేరు, నాకు తెలియని పొడుపుకథ ఒక్కటి వేస్తే బతకనిస్తా, లేదంటే నాతో పాటే మీరూ పోతారు అంటుంది, సరిగ్గా అక్కడ ఆపేశాడు మహానుభావుడు.

అదే ఊపులో నాలుగోది విజర్డ్ అండ్ గ్లాస్ అందుకున్నా. రైలు గొడవ మొదట్లోనే తేలిపోయింది. రోలండ్ వెంట ఉండే ఎడ్డీ దాన్ని ఓడించిన తీరుకి పగలబడి నవ్వా, ప్రపంచంలో ఉన్న పొడుపుకథలన్నీ తెలిసిన యంత్రం మీదకి అర్థం పర్థం లేని చెత్త జోకులు విసిరి దాని బుర్ర వేడెక్కించాడు. తర్వాత కాన్సస్‌లో జనం లేని హైవే, ఖాళీ కార్లు, అదేదో రంపం మీటినట్టు ఊళపెట్టే చప్పుడుకి చెవుల్లో తూటాలు దోపుకుని నడవడం, అంతా బాగుంది. అప్పుడు రాత్రి మంట చుట్టూ కూర్చుంటారు, రోలండ్ చిన్నప్పటి కథ మొదలుపెడతాడు. మొదలుపెట్టాడంటే మొదలుపెట్టాడు, ఇక ఆపడే.

పద్నాలుగేళ్ల రోలండ్, కత్‌బర్ట్, అలైన్ అని ఇద్దరు స్నేహితులు, సముద్రం పక్కన హాంబ్రీ అనే ఊరు, అక్కడ గుర్రాలూ వలలూ లెక్కపెట్టే పని, ఒక ముసలి మేయరు, సూసన్ అనే అమ్మాయి, ఆ అమ్మాయిని పీక్కుతినే మేనత్త. ఇప్పుడు రోలండ్‌తో నడిచేవాళ్లెవరూ లేరు, ఎడ్డీ లేడు, సుసానా లేదు, పిల్లాడు జేక్ లేడు, వాడి పెంపుడు జంతువు ఓయ్ కూడా లేడు. టవర్ ఊసే లేదు. ఇంకా పేజీలు తిప్పి చూస్తే దాదాపు పుస్తకమంతా ఇదే ఉన్నట్టుంది. టవర్ దగ్గరికి వెళ్తున్నాం అనుకుంటే నన్ను తీసుకెళ్లి ప్రేమకథలో కూర్చోబెట్టారు.

ప్రస్తుతం మేయరు ఇంట్లో విందు దాకా వచ్చా. అడిగేది ఏంటంటే, ఈ భాగం సారాంశం ఎక్కడైనా చదివేసి ఐదోదానికి వెళ్లిపోతే ఏమైనా నష్టమా? లేక ఎలాగోలా లాగించాలా? విందు తర్వాత జరిగేవి మాత్రం దయచేసి బయటపెట్టకండి.

ఎర్రదీపం:

వదలొద్దు. వదిలితే మిగతా మూడు పుస్తకాల్లో సగం బరువు పోతుంది.

ముందు ఒక విషయం, మీరు అదృష్టవంతులు. మూడోది 1991లో వచ్చింది, నాలుగోది 1997లో. అంటే ఆ రైల్లో పాఠకుల్ని ఎక్కించి ఆరేళ్లు కూర్చోబెట్టాడు. మీరేమో అరనిమిషంలో తర్వాతి పుస్తకం తెరిచారు. అసలీ సిరీస్‌కి ఎదురుచూపులు మామూలే లెండి. ఆయన ఇది మొదలుపెట్టింది 1970లో, కాలేజీ కుర్రాడిగా ఉన్నప్పుడు, ఆకుపచ్చ కాగితాల మీద. మొదటి భాగం పత్రికలో అచ్చయింది 1978లో, పుస్తకంగా వచ్చింది 1982లో. మధ్యలో క్యాన్సర్‌తో ఉన్న ఒక పెద్దావిడ, మరణశిక్ష పడ్డ ఒక ఖైదీ, మేం పోయేలోపు చివరికి ఏమవుతుందో చెప్పండి, ఎవరికీ చెప్పం అని ఉత్తరాలు రాశారట. తెలిస్తే చెప్పేవాణ్ణే, నాకే తెలియదు అని ఆయనే ముందుమాటలో రాసుకున్నాడు. అంత ఆకలితో ఎదురుచూసిన వాళ్ల చేతికి 1997లో వచ్చిన పుస్తకంలో ఎక్కువ భాగం గతమే. మీ చిరాకు కొత్తదేం కాదు, అప్పట్నుంచీ ఉన్నదే.

ఇక అసలు సంగతి. మొదటి మూడు పుస్తకాల్లో రోలండ్ గురించి మీకు ఏం తెలుసు? తుపాకీ బాగా కాలుస్తాడు, నవ్వడు, మొదటి పుస్తకంలో జేక్ చేయి అందేంత దూరంలో ఉండి కూడా ఆ పిల్లాణ్ణి లోయలో పడిపోనిచ్చి నల్లబట్టల మనిషి వెనక వెళ్లిపోయాడు. టవర్ అంటే పిచ్చి. ఆ పిచ్చి ఎక్కడ అంటుకుంది, ఎందుకంత రాయిలా అయ్యాడు అన్నది మీకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. చెప్పేది ఈ పుస్తకం ఒక్కటే. తర్వాత వచ్చే పుస్తకాలు అది మీకు తెలుసనుకునే నడుస్తాయి, మళ్లీ వెనక్కి వెళ్లి వివరించవు.

సారాంశం చదివితే "రోలండ్ పద్నాలుగేళ్లప్పుడు ఒక ఊరికి వెళ్లాడు, ఒక అమ్మాయిని ప్రేమించాడు, అది బాగా ముగియలేదు" అని ఉంటుంది. బాగా ముగియలేదని మీకిప్పటికే తెలుసు కదా, మొదటి పుస్తకం నుంచీ సూసన్ పేరు తలుచుకున్నప్పుడల్లా అతని ముఖం ఎలా ఉందో చూశారు. ఏం జరుగుతుందన్నది ఇక్కడ పెద్ద రహస్యం కాదు. ఎలా జరుగుతుందో పేజీ పేజీకీ దగ్గరపడుతుంటే చూస్తూ కూర్చోవాలి, ఆపలేం. అది సారాంశంలో దొరకదు.

సగంబుక్‌మార్క్:

పైన ఎర్రదీపం గారు చెప్పిందానికి సగమే ఒప్పుకుంటా.

మొత్తం వదిలేయమని నేనూ చెప్పను. కానీ ప్రతి పేజీ భక్తితో చదవాల్సిన పనీ లేదు. దాదాపు ఏడు వందల పేజీల పుస్తకం ఇది, అందులో రెండు వందలు కత్తిరించినా ఎవరికీ తెలిసేది కాదు. విలన్లు ఏం పన్నుతున్నారో చదివేవాడికి చాలా ముందే అర్థమైపోతుంది, మన ముగ్గురు కుర్రాళ్లకి అది తెలిసేదాకా మనం గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి. ఆ ఊరివాళ్ల పాతకాలపు మాటతీరు మొదట్లో ముచ్చటగా ఉంటుంది, కొన్నాళ్లకి విసుగు. రోలండ్, సూసన్ చాటుమాటుగా కలుసుకునే అధ్యాయాల్లో ఒకే దిగులు పదేపదే తిరగేస్తాడు. పద్నాలుగేళ్ల వాడూ పదహారేళ్ల పిల్లా ప్రేమలో పడితే అలాగే ఉంటుంది అని వాదించొచ్చు, నిజమే, కానీ ఆ గోల నేనెందుకు భరించాలి?

ఇంకోటి, కథ గతం ముగించుకుని మళ్లీ కాన్సస్‌కి వచ్చాక ఉండే చివరి భాగం నాకు అతికించినట్టు అనిపించింది. విందు తర్వాతవి చెప్పొద్దన్నారు కాబట్టి ఇంతకంటే చెప్పను. అంత పెద్ద విషాదం విన్నాక, విన్నవాళ్లు దాన్ని మోయడానికి కాస్త టైమ్ ఇవ్వాలి కదా, ఇవ్వడు.

నా సలహా: మేనత్త తిట్లు, గుర్రాల లెక్కలు, ఊరి పెద్దల మంతనాలు గబగబా కళ్లతో తోసుకుంటూ వెళ్లిపోండి. ముసలి మంత్రగత్తె రియా కనిపించిన ప్రతి చోటా మాత్రం ఆగండి. ఆ గులాబీ రంగు గాజు గోళంలోకి చూస్తూ అన్నం నీళ్లు మరిచిపోయే ఆ ముసలిది నాకైతే సిరీస్ మొత్తంలో అందరికంటే ఎక్కువ భయం వేసిన పాత్ర. రాక్షసులెవరూ ఆ పక్కకి రారు. ఎందుకంటే ఆమె చేసేది మరేం లేదు, తలుపు సందుల్లోంచి ఊరందరి సిగ్గుమాలిన పనులు చూడటం, అంతే, ఆపలేకపోవడం. ఇది వచ్చింది 1997లో, మనమంతా ఇలా ఫోన్లలోకి చూస్తూ కూర్చునే రోజులకి ముందు అని గుర్తు చేసుకుంటే ఇంకోలా ఉంటుంది.

కోటవెనక:

సగంబుక్‌మార్క్ గారూ, మీరు తోసుకుంటూ వెళ్లమన్న చోటే అసలు మజా ఉంది, దయచేసి కొత్తవాళ్లని అలా చెడగొట్టకండి :)

నిద్రపట్టనోడు బ్రో, నువ్వు ఆగిన చోటు చాలా చెడ్డ చోటు. ఆ విందు నుంచి కాస్త ముందుకి వెళ్తే ట్రావెలర్స్ రెస్ట్ అనే బార్‌లో ఒక గొడవ వస్తుంది. అది చదివాక కూడా వదిలేయాలనిపిస్తే నేనేం అనను. ఎలా తెగిందో చెప్పను గానీ ఎలా మొదలవుతుందో చెప్తా, ఇష్టం లేకపోతే ఈ పేరా దాటెయ్. షీమీ అని కాస్త మందబుద్ధి కుర్రాడు, మిగిలిపోయిన మందంతా పోసిన బకెట్ మోసుకెళ్తూ తూలి డిపేప్ అనే కిరాయి తుపాకీవాడి బూట్ల మీద ఒలకబోస్తాడు. నాకి శుభ్రం చెయ్ అంటాడు వాడు. ఊరంతా చూస్తోంది, ఎవడూ కదలడు. అప్పుడు కత్‌బర్ట్ ఉండేలు ఎక్కుపెడతాడు, ఎందుకంటే ఈ కుర్రాళ్లు ఎవరో ఆ ఊరికి తెలియకూడదు, తుపాకులు దాచిపెట్టుకుని వచ్చారు. కత్‌బర్ట్ వెనక డిపేప్ జతగాడు రేనాల్డ్స్ తుపాకీ. రేనాల్డ్స్ వెనక అలైన్ కత్తి. అలైన్ వెనక ఆ కిరాయివాళ్ల నాయకుడు జోనాస్ తుపాకీ. ఆ వరస అక్కడితో అయిపోయిందని జోనాస్ అనుకుంటాడు.

అయిపోలేదు.

ఆ సీన్‌లో ఒక్క తూటా పేలకుండా ఆ ఊళ్లో ఎవరు ఎవరో మొత్తం తేలిపోతుంది. కత్‌బర్ట్ నోరు ఆగదు, భయపడుతూ కూడా వాగుతూనే ఉంటాడు (ఎడ్డీ గుర్తొస్తాడు చూడు, రోలండ్‌కి ఎడ్డీ అంటే అంత చిరాకూ అంత ఇష్టమూ ఎందుకో అప్పుడు వెలుగుతుంది). అలైన్ మాట్లాడడు, అవసరమైన చోట ఉంటాడు. రోలండ్ అందరికంటే ఆఖర్న వస్తాడు. ముసలి జోనాస్‌కి మాత్రం వీళ్లు తండ్రులు తిట్టి ఊరి నుంచి పంపేసిన ఆకతాయి పిల్లలు కాదని ఆ క్షణంలో అనుమానం పడుతుంది. అక్కణ్ణుంచి కథ నెమ్మదించిందని అందరూ తిడతారు. కానీ అది కావాలని చేసిన నెమ్మది. ఆ లోకంలో కాజిల్స్ అని చదరంగం లాంటి ఆట ఒకటుంది, మాటిమాటికీ వస్తుంది చూడు, ఎవరి చాటున వాళ్లు పావులు దాచుకుని ఎదుటివాడు ముందు బయటికి వచ్చేదాకా కూర్చోవాలి. రోలండ్, జోనాస్ వారాల తరబడి చేసేది అదే. గుర్రాలు లెక్కపెట్టడం కూడా ఆటలో భాగమే, మరీ చురుగ్గా లెక్కపెడితే దొరికిపోతారు, అందుకే నత్తలా లెక్కపెడతారు. గబగబా తోసుకుంటూ చదివితే ఆ గుర్రాల్లో తేడా ఏంటో మిస్సవుతావు, ఆ తేడా ముఖ్యం.

ఇంకో మాట. దీన్ని డార్క్ టవర్ నాలుగో భాగం అనుకుని చదవకు. మధ్యలో దొరికిన ఒక విడి నవల అనుకో. పాశ్చాత్య కౌబాయ్ కథ, పక్కన ఒక మంత్రగత్తె. ఎడ్డీ వాళ్లు ఎప్పుడొస్తారా అని పేజీలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే మాత్రం చాలా పొడుగ్గా అనిపిస్తుంది.

సగంబుక్‌మార్క్:

బార్ సీన్ బాగుందని నేను కాదన్నానా? బాగుంది. అలాంటివి ఇంకో నాలుగు పెట్టి మిగతాది తగ్గించొచ్చు అంటున్నా. కావాలని నెమ్మదిగా రాసినంత మాత్రాన విసుగు రాకూడదని ఎక్కడుంది? జోనాస్‌ ఓపిక పట్టాలి, సరే, నాకెందుకు ఆ శిక్ష.

వినేచెవి:

చదవడం బరువైతే వినండి. నేను ఈ పుస్తకాన్ని రెండుసార్లు మధ్యలో వదిలేసి, చివరికి ఆడియోలో పూర్తి చేశా. ఫ్రాంక్ ముల్లర్ చదివాడు, జోనాస్‌కి ఇచ్చిన గొంతు వింటే మీకు ఆ మనిషి మీద గౌరవం లాంటిదేదో వస్తుంది, విలన్ అని తెలిసి కూడా. రియా మాట్లాడేటప్పుడైతే హెడ్‌ఫోన్స్ తీసేయాలనిపిస్తుంది. సగంబుక్‌మార్క్ గారు విసుక్కున్న ఆ పాతకాలపు మాటతీరు చెవికి వింటే అడ్డు రాదు, పైగా పాటలా సాగుతుంది.

ఒక బాధ ఏంటంటే 2001లో ముల్లర్‌కి మోటార్‌సైకిల్ ప్రమాదం అయింది, తర్వాత చదవలేకపోయాడు. ఐదోదాని నుంచి జార్జ్ గిడాల్ గొంతు. ఆయనా బాగానే చదివాడు, కానీ అలవాటుపడటానికి కొంచెం పడుతుంది. ఐదో పుస్తకాన్ని కింగ్ ముల్లర్‌కే అంకితం ఇచ్చాడు.

పాతపేజీ:

ఆలస్యంగా చూశా. అందరూ రోలండ్ మనసు గురించి చెప్పారు, నేను పనికొచ్చే కారణాలు చెప్తా.

ఒకటి ఆ గాజు గోళం. మెర్లిన్ హరివిల్లు అని అలాంటివి మొత్తం పదమూడు ఉన్నాయని చదువుతారు. ఐదో పుస్తకంలో వాటిలో ఇంకోటి వస్తుంది, అన్నింటికంటే చెడ్డది. గులాబీది రియాని, ఇంకొందరిని ఏం చేసిందో ఇక్కడ చూసి ఉంటేనే అక్కడ ఆ సంచీ విప్పుతుంటే మీ చేతులు చల్లబడతాయి. నాలుగోది వదిలేసిన వాళ్లకి అది ఒట్టి మాయ గోళీకాయ. ఇక హాంబ్రీలో కనిపించే ఒక మనిషి చాలా పుస్తకాల తర్వాత మళ్లీ ఎదురవుతాడు, ఎవరో చెప్పను, చెప్తే పాపం.

కాన్సస్‌లో ఫ్లూ వచ్చి జనమంతా పోయిన పేపరు చదివారు కదా, అది కింగ్ వేరే నవల ది స్టాండ్ (1978) లోని రోగమే. అది చదవకపోయినా ఏం నష్టం లేదు. కానీ ఐదోది మొదలుపెట్టే ముందు వీలైతే సేలమ్స్ లాట్ చదవండి. 1975 నాటి రక్తపిశాచాల నవల, అందులో కాలహన్ అనే ఫాదరీ కథ తెగిపోయి ఉంటుంది. ఆ తెగిన చోటు నుంచి ఆయన ఐదో పుస్తకం వుల్వ్స్ ఆఫ్ ది కల్లాలోకి నడిచొస్తాడు. సిరీస్ బయటి పుస్తకాల్లో నేను తప్పనిసరి అనే పుస్తకం అదొక్కటే, మిగతావన్నీ సరదాకి.

2012లో వచ్చిన ది విండ్ త్రూ ది కీహోల్ మీ షెల్ఫులో ఉంటే దాని జోలికి ఇప్పుడే వెళ్లకండి. కథాక్రమంలో అది నాలుగుకీ ఐదుకీ మధ్యలో కూర్చుంటుంది, కాబట్టి చాలామంది వరసలో పెట్టేస్తారు. కానీ అందులోనూ రోలండ్ కథ చెప్తాడు, ఆ కథలో మళ్లీ ఇంకో కథ. ఇప్పటికే గతం ఎక్కువైందని ఏడుస్తున్న మీకు వెంటనే అదీ పెడితే సిరీస్ మీదే విరక్తి పుడుతుంది. ఏడు అయ్యాక చదువుకోండి, చిన్నది, చక్కగా ఉంటుంది.

ఈ నాలుగోదాని తర్వాత మళ్లీ ఆరేళ్లు గ్యాప్. 1999లో రోడ్డు పక్కన నడుస్తుంటే ఒక వ్యాన్ గుద్ది కింగ్ చావు అంచు దాకా వెళ్లొచ్చాడు. ఇక ఆగితే మొత్తానికే ఆగిపోతుందనుకున్నాడో ఏమో, లేచాక మిగతా మూడూ ఒక్కసారే పూర్తి చేసి 2003, 2004లలో వరుసగా వదిలాడు. అదే 2003లో మొదటి పుస్తకాన్ని కూడా తిరగరాశాడు. ఇంతకీ మీరు ఏ గన్‌స్లింగర్ చదివారు, పాతదా కొత్తదా? పొడిగా ఉందన్నారు కాబట్టి పాతదేమో అనిపిస్తోంది.

నిద్రపట్టనోడు:

అందరికీ థాంక్స్. ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు.

పాతపేజీ గారూ, నాది పాతదే, ఒకరి దగ్గర తీసుకున్న అరిగిపోయిన కాపీ. కొత్తది మళ్లీ చదవాలా? ఇప్పుడైతే వద్దు లెండి.

కోటవెనక బ్రో చెప్పిన బార్ సీన్ దాకా లాగించా. ఒప్పుకుంటున్నా, అది అదిరింది. జోనాస్ తల తిప్పకుండానే తన వెనక ఎవరో ఉన్నారని అర్థం చేసుకునే చోట రెండోసారి వెనక్కి వెళ్లి చదివా. కత్‌బర్ట్, ఎడ్డీ పోలిక మీరు చెప్పకముందే కాస్త తట్టింది గానీ, ఆ పోలిక వల్ల ఇప్పుడు కత్‌బర్ట్‌కి ఏమవుతుందో అని కొత్త టెన్షన్ పట్టుకుంది. వీళ్లెవరూ పెద్దయ్యాక రోలండ్ పక్కన లేరు కదా. అది ఇంతకుముందు నేను ఆలోచించనేలేదు.

ప్రేమ అధ్యాయాల విషయంలో మాత్రం సగంబుక్‌మార్క్ గారి పార్టీనే. వెన్నెల్లో గుర్రం మీద మొదటిసారి కలిసింది బాగుంది, ఆ తర్వాత వాళ్ల మూలుగులు నాకు పట్టడం లేదు. కానీ సూసన్ ఒక్కతే ఉన్న పేజీలు, మేనత్తతో గొడవపడేవి, మేయరుకి మాటిచ్చి ఇరుక్కుపోయిన సంగతి, అవి తోసేయాలనిపించలేదు. ఆ పిల్లకి రోలండ్ కంటే ఎక్కువ బుర్ర ఉంది.

ఒక డౌట్. రియా ఆ మొదటి రాత్రి సూసన్ చెవిలో ఏదో చెప్పి పంపుతుంది కదా, అది మళ్లీ వస్తుందా లేక అక్కడితో అయిపోయిందా? అవును, కాదు అని చెప్తే చాలు.

సగంబుక్‌మార్క్:

వస్తుంది. ఆ పేజీలు మాత్రం తోసుకుంటూ వెళ్లకండి.

కోటవెనక:

చూశారా, చివరికి ఆయన కూడా ఆగమంటున్నాడు.

సగంబుక్‌మార్క్:

ఆయన కాదు, ఆమె. రెండు వందల పేజీలు కత్తిరించాలన్న మాట మీద ఇప్పటికీ ఉన్నా. నిద్రపట్టనోడు, పూర్తయ్యాక కాన్సస్ భాగం గురించి వేరే థ్రెడ్ పెట్టు, అక్కడ తేల్చుకుందాం.